ఇల్లు మంజూరైంది సరే, డబ్బు చేతికొచ్చేదాకా ఏం చేయాలి?

మా పిన్నికి ఇందిరమ్మ ఇల్లు మంజూరైన రోజు ఇంట్లో పండగే. రెండు నెలలకి బేస్‌మెంట్ లేచింది, వచ్చి ఫొటో తీసుకెళ్లారు, బిల్లు మాత్రం పడలేదు. మేస్త్రీ ఇంకో పని ఒప్పుకుని వెళ్లిపోయాడు, ముందే తెచ్చిపెట్టుకున్న సిమెంటు బస్తాలు వానకి గడ్డకట్టాయి, పిన్ని రోజూ ఫోన్ పట్టుకుని మెసేజ్ కోసం చూస్తూ కూర్చునేది. చివరికి తేలిందేంటంటే, ఎప్పుడో గ్యాస్ సబ్సిడీ కోసం తెరిచి వదిలేసిన ఖాతాకి ఆవిడ ఆధార్ లింకై ఉంది, ఆ ఖాతా పనిచేయడం మానేసి చాలా కాలమైంది. బ్యాంకులో అరగంటలో సరిచేయగలిగే విషయం. ముందు ఎవరూ చెప్పకపోవడంతో నెలలు పోయాయి.

అప్పట్నుంచి మా బంధువుల్లో, వీధిలో ఎవరికి ఇల్లు వచ్చినా, ఎవరు మొదటి ఫ్లాట్ కొంటున్నా నేనే దగ్గరుండి కాగితాలు చూస్తున్నాను. అందరికీ మొదట చెప్పేది ఒకటే: ప్రభుత్వ సాయం ముందు రాదు. పని అయ్యాక, ఫొటో ఎక్కాక, కాగితం కుదిరాక వస్తుంది. మంజూరు పత్రం చేతిలో ఉంటే డబ్బు చేతిలో ఉన్నట్టు కాదు. ఈ మధ్యలో ఉండే ఖాళీని ఎలా దాటాలో ముందే లెక్క వేసుకున్నవాళ్ల ఇళ్లు పూర్తయ్యాయి, వేసుకోనివాళ్లవి పిల్లర్ల దగ్గర ఆగాయి.

ముందు మీది ఏ దారో తేల్చుకోండి

పల్లెలో సొంత జాగా ఉండి ఇల్లు కట్టుకోవాలంటే ఒక దారి, మున్సిపాలిటీలో సొంత స్థలం ఉంటే ఇంకో దారి, స్థలమే లేక లోన్ తీసుకుని ఫ్లాటో చిన్న ఇల్లో కొనాలంటే మూడోది. మూడింటినీ కలిపేసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లని చాలామందిని చూశాను. లోన్ సబ్సిడీ కోసం పంచాయతీకి వెళ్తారు, స్థలం ఉన్నవాళ్లు బ్యాంకుకి వెళ్తారు.

పల్లెల్లో కేంద్రం స్కీమ్ పీఎం ఆవాస్ యోజన గ్రామీణ్. మైదాన ప్రాంతాల్లో ఇంటికి 1.20 లక్షలు, కొండ ప్రాంతాల్లో 1.30 లక్షలు కేంద్ర, రాష్ట్ర వాటాలు కలిపి ఇస్తారు, ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి. మరుగుదొడ్డికి స్వచ్ఛ భారత్ కింద 12,000, ఉపాధి హామీ కింద కూలి పనిదినాలు వేరేగా ఉంటాయి. ఈ రెండూ అడగకపోతే చాలాసార్లు ఎవరూ గుర్తుచేయరు, కాబట్టి మీరే అడగండి.

పట్టణాల్లో పీఎం ఆవాస్ యోజన అర్బన్ 2.0 నడుస్తోంది. 2024 ఆగస్టులో కేంద్ర క్యాబినెట్ ఆమోదించింది, అదే ఏడాది సెప్టెంబర్ 1 నుంచి ఐదేళ్ల పాటు అమలు, లక్ష్యం కోటి కుటుంబాలు. ఇందులో నాలుగు భాగాలున్నాయి గానీ మనకి ఎక్కువగా పనికొచ్చేవి రెండు. సొంత స్థలంలో మనమే కట్టుకుంటే నేరుగా ఇచ్చే సాయం ఒకటి, హోమ్ లోన్ మీద వడ్డీ సబ్సిడీ ఇంకొకటి. మొదటిది ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకే, మన రాష్ట్రాల్లో అందులో కేంద్రం వాటా ఇంటికి 1.5 లక్షలు. వడ్డీ సబ్సిడీకి మాత్రం 9 లక్షల ఆదాయం దాకా అర్హత ఉంది.

రెండింటికీ ఉన్న షరతులు జాగ్రత్తగా చదవండి. దేశంలో ఎక్కడా మీ కుటుంబంలో ఎవరి పేరునా పక్కా ఇల్లు ఉండకూడదు, గత 20 ఏళ్లలో కేంద్రం, రాష్ట్రం, మున్సిపాలిటీ ఏ స్కీమ్ కిందా ఇల్లు తీసుకుని ఉండకూడదు. కుటుంబం అంటే ఇక్కడ భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు. పెళ్లయి వేరుగా ఉంటున్న కొడుకుది వేరే కుటుంబం కిందే లెక్క, నాన్నకి ఇల్లుంది కదా అని తనే తన పేరు కొట్టేసుకోనక్కర్లేదు. ఇల్లు ఇంటి ఆడవాళ్ల పేరు మీద గానీ, భార్యాభర్తల ఇద్దరి పేరు మీద గానీ ఉండాలి. మేజరైన ఆడవాళ్లు ఎవరూ లేని ఇంట్లోనే మగవాళ్ల పేరుకి ఒప్పుకుంటారు. ఈ షరతు చాలా మంచిదని నా అభిప్రాయం, గొడవలొచ్చినప్పుడు రోడ్డు మీద పడేది ఆడవాళ్లే కదా.

తెలంగాణలో ఇందిరమ్మ ఇల్లు వచ్చినవాళ్లకి

2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఈ స్కీమ్‌లో సొంత జాగా ఉన్నవాళ్లకి 5 లక్షలు ఇస్తారు, మొదటి విడతగా నియోజకవర్గానికి 3,500 ఇళ్లు అన్నారు. దరఖాస్తులు ప్రజాపాలన సభల్లో తీసుకున్నారు, తర్వాత ఇంటింటికీ వచ్చి యాప్‌లో వివరాలు ఎక్కించారు. జాగా ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్1, జాగా కూడా లేనివాళ్లు ఎల్2. మీ పేరు ఎందులో ఉందో పంచాయతీ కార్యదర్శి దగ్గరో మున్సిపల్ వార్డు ఆఫీసర్ దగ్గరో కనుక్కోండి. జాగా ఉండి కూడా ఎల్2లో పడిపోయినవాళ్లు నాకు తెలిసే ఇద్దరున్నారు, సర్వే రోజు ఊళ్లో లేకపోవడం వల్ల. అలాంటివాళ్లు జాగా కాగితం జిరాక్స్ జతచేసి మండల ఆఫీసులో అర్జీ ఇచ్చి, దాని మీద ముద్ర వేయించుకుని ఒక కాపీ దగ్గర పెట్టుకోండి.

ప్రకటించిన లెక్క ప్రకారం డబ్బు నాలుగు విడతలు. బేస్‌మెంట్ అయ్యాక లక్ష, గోడలు లేచాక 1.25 లక్షలు, స్లాబ్ పడ్డాక 1.75 లక్షలు, ఇల్లు పూర్తయ్యాక లక్ష. ప్రతిచోటా 'అయ్యాక' అని ఉంది చూడండి. అంటే బేస్‌మెంట్ ఖర్చు మొత్తం ముందు మీ జేబులోంచి పోవాలి. స్లాబ్ దగ్గర ఇంకా కష్టం, ఎందుకంటే ఇనుము, సిమెంటు, సెంట్రింగ్, కూలీలు అన్నీ రెండు మూడు రోజుల్లోనే కావాలి, చేతిలో ఉండేదేమో గోడలకి వచ్చిన 1.25 లక్షల్లో మిగిలింది. నేను చూసినంతలో ఎక్కువ ఇళ్లు ఆగేది ఇక్కడే, బేస్‌మెంట్ దగ్గర కాదు.

దీనికి మేం చేసిందేంటంటే, ముగ్గు పోయకముందే మేస్త్రీని కూర్చోబెట్టి ఒక నోట్‌బుక్‌లో నాలుగు పేజీలు రాయించాం, విడతకొకటి. ఏ పేజీలో ఎంత సరుకు, ఎంత కూలి, అది ఎన్ని రోజుల్లో కావాలి. మేస్త్రీకి కూడా అప్పుడే చెప్పేశాం, బిల్లు పడ్డాక ఇంత, అప్పటిదాకా ఇంత అని. ముందే మాట్లాడుకుంటే చాలామంది ఒప్పుకుంటారు, మధ్యలో పని ఆపి అడిగితేనే గొడవ. పొదుపు సంఘంలో ఉన్నవాళ్లు స్లాబ్ నెలకి సరిపడేలా సంఘం అప్పు పెట్టుకుంటే వడ్డీ తక్కువ, బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఇల్లు కట్టొద్దు, ఆ వడ్డీ చివరి విడతని మొత్తం మింగేస్తుంది.

కొలత విషయంలో అస్సలు మొహమాటపడకండి. ఇల్లు 400 చదరపు అడుగులకి తగ్గకూడదు, 600 దాటకూడదు. జాగా ఉంది కదా అని చుట్టాలు చెప్పిన మాటకి ఇంకో గది పెంచి, 600 దాటిందని బిల్లు ఆగిపోయినవాళ్లు ఉన్నారు. అధికారులు వచ్చి ముగ్గు పోసి ఫొటో తీశాకే పని మొదలుపెట్టండి, అంతకుముందు తవ్విన పునాదికి ఫొటో ఉండదు, ఫొటో లేకపోతే బిల్లు లేదు. ప్రతి దశలోనూ ఆ జాగాలోనే నిలబడి యాప్‌లో ఫొటో ఎక్కించాలి, అది ఎక్కిన రోజు తేదీ మీ నోట్‌బుక్‌లో రాసుకోండి. రెండు వారాలు దాటినా ఏమీ కదలకపోతే వెళ్లి అడగడానికి ఆ తేదీ కావాలి. ఇసుక ఉచితంగా ఇస్తున్నారు కాబట్టి కూపన్ కోసం మండలంలో అడగండి, ట్రాక్టర్ కిరాయి లెక్క మాత్రం మీదే.

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లు గ్రామ, వార్డు సచివాలయంలో మొదలుపెట్టాలి. పాత స్కీమ్‌లో మంజూరై మధ్యలో ఆగిపోయిన ఇళ్లు ఉన్నవాళ్లకి 2025 మార్చిలో రాష్ట్రం అదనపు సాయం ప్రకటించింది, ఎస్సీ, బీసీలకి 50,000, ఎస్టీలకి 75,000, ఆదిమ గిరిజన తెగలకి లక్ష. మీ ఇల్లు ఆ జాబితాలో ఉందో లేదో ఇంజనీరింగ్ అసిస్టెంట్‌ని అడిగి తెలుసుకోండి, ఆగిపోయిన ఇంటిని వదిలేసి కొత్త దరఖాస్తు పెడదామనుకుంటే అది నిలవదు, ఎందుకంటే మీ పేరు మీద ఇల్లు ఇచ్చినట్టు రికార్డులో అప్పటికే ఉంటుంది.

ఆధార్, బ్యాంకు ఖాతా

పిన్ని విషయంలో జరిగింది మీకు జరగకూడదని దీన్ని విడిగా రాస్తున్నా. ప్రభుత్వం ఆధార్ ఆధారంగా వేసే డబ్బు మీరు ఫారంలో రాసిన ఖాతాకే వస్తుందని గ్యారంటీ లేదు, చివరిసారి ఏ బ్యాంకులో ఆధార్ లింక్ చేశారో అక్కడికి పోతుంది. మూడు బ్యాంకుల్లో ఖాతాలున్నవాళ్లకి ఏది లింకైందో గుర్తుండదు. మీరు వాడుతున్న బ్యాంకుకి వెళ్లి 'నా ఆధార్ ఎన్‌పీసీఐలో ఏ బ్యాంకుకి మ్యాప్ అయింది' అని ఇదే మాటగా అడగండి (ఎన్‌పీసీఐ అంటే ఏ ఆధార్ ఏ బ్యాంకుకి లింకైందో రికార్డు ఉంచే సంస్థ). కేవైసీకి, అంటే గుర్తింపు కోసం ఆధార్ ఇవ్వడం వేరు, సబ్సిడీ ఆ ఖాతాలో పడేలా లింక్ చేయడం (సీడింగ్) వేరు, చాలామంది మొదటిది చేసి రెండోది కూడా అయిపోయిందనుకుంటారు.

పేర్లు కూడా అంతే. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, రేషన్ కార్డులో అత్తింటి ఇంటిపేరు, పాస్‌బుక్‌లో ఒట్టి పేరు, జాగా కాగితంలో ముద్దుపేరు. ఆడవాళ్ల పేరున ఇల్లు ఇవ్వాలనే రూలు మంచిదే గానీ ఈ పేర్ల తేడాల్లో ఇబ్బంది పడేదీ వాళ్లే. ఆధార్‌ని మూలంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి సరిపోయేలా మార్పించండి, అదీ దరఖాస్తుకి ముందే.

జాగా తాతగారి పేరు మీద ఉండిపోయి, ఆయన పోయి పాతికేళ్లైన కేసులు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకుని ఉంటారు, ఎవరి వాటాలో వాళ్లుంటారు, కాగితం మాత్రం ఉండదు. మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి పెట్టి, అందరూ ఒప్పుకున్నప్పుడే భాగపంపిణీ దస్తావేజు రిజిస్టర్ చేయించుకోండి. ఇల్లు మంజూరయ్యాక సంతకం అడిగితే మాట మారొచ్చు, ఇది ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు, ఐదు లక్షల మాట వినగానే ఎవరికైనా తన వాటా గుర్తొస్తుంది.

లోన్ తీసుకుని కొనేవాళ్లకి

ముందుగా ఒక పాత లెక్క మర్చిపోండి. '2.67 లక్షల సబ్సిడీ' అని ఇప్పటికీ కొందరు ఏజెంట్లు ఫ్లాట్ అమ్మేటప్పుడు చెప్తున్నారు, వాట్సాప్‌లో కూడా తిరుగుతోంది. అది పాత స్కీమ్, తక్కువ ఆదాయం వాళ్లకి కూడా 2022 మార్చి 31తో ముగిసింది. ఇప్పుడున్నది వేరు. ఇంటి విలువ 35 లక్షలు దాటకూడదు, లోన్ 25 లక్షలు దాటకూడదు, కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే జాగా) 120 చదరపు మీటర్ల లోపు ఉండాలి, లోన్ 2024 సెప్టెంబర్ 1న గానీ ఆ తర్వాత గానీ మంజూరై విడుదలైనది కావాలి. లోన్‌లో మొదటి 8 లక్షల మీద 12 ఏళ్ల దాకా 4 శాతం వడ్డీ సబ్సిడీ లెక్కగడతారు, గరిష్ఠంగా 1.80 లక్షలు, అదీ ఐదేళ్లలో ఐదు విడతలుగా. అంటే పూర్తిగా వచ్చినవాళ్లకి ఏడాదికి 36,000. మొదటి నెల నుంచి ఈఎంఐ మొత్తం మీరే కట్టాలి, సబ్సిడీ వస్తుంది కదా అని ఈఎంఐ పెద్దది పెట్టుకోవద్దు. మీ జీతంలోంచి కట్టగలిగిందే లోన్, సబ్సిడీ వస్తే అది మీకు ఊరట అంతే.

ఇంకో షరతు చాలామందికి తెలియదు. సబ్సిడీ విడత విడుదలయ్యే సమయానికి లోన్ నడుస్తూ ఉండాలి, అసలులో సగానికి పైగా ఇంకా మిగిలి ఉండాలి. మా స్నేహితుడొకరు 10 లక్షల లోన్ తీసుకుని రెండో ఏడాదిలోనే ఊళ్లో పొలం అమ్మిన డబ్బు 6 లక్షలు కట్టేద్దామనుకున్నాడు. అప్పు తగ్గించుకోవడం మంచిదే, ఫ్లోటింగ్ వడ్డీ (రేటు మారుతూ ఉండే) హోమ్ లోన్ ముందే కట్టేస్తే పెనాల్టీ కూడా ఉండదు, కానీ అలా కడితే మిగతా సబ్సిడీ విడతలు పోతాయి. 4 లక్షలు కట్టి మిగతాది ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టమని చెప్పాను. ఎవరి లెక్క వాళ్లది, కానీ తెలిసి నిర్ణయించుకోవాలి.

ఇక చేతిలో ఎంత ఉండాలి? 25 లక్షల ఫ్లాట్ అనుకుందాం. 30 లక్షల లోపు లోన్లకి బ్యాంకు ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చని రిజర్వ్ బ్యాంక్ నిబంధన, అంటే ఎక్కువలో ఎక్కువ 22.5 లక్షలు. మిగతా 2.5 లక్షలు మీవి. రిజిస్ట్రేషన్ ఖర్చు రెండు రాష్ట్రాల్లోనూ సుమారు 7.5 శాతం, అంటే 1,87,500, ఇది మామూలుగా లోన్‌లోకి రాదు. కట్టుబడిలో ఉన్న ఫ్లాటైతే జీఎస్టీ ఉంటుంది, 45 లక్షల లోపు చిన్న ఫ్లాట్లకి 1 శాతం. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చు అని ఇచ్చే పత్రం) వచ్చేసిన ఫ్లాట్‌కి జీఎస్టీ లేదు. బ్యాంకు ఫీజులు, లాయర్ ఫీజు, ఇల్లు మారే ఖర్చు కలిపితే దాదాపు 5 లక్షలు చేతిలో లేకుండా బయానా ఇవ్వొద్దు. బయానా ఇచ్చేశాక డబ్బు చాలక ఎక్కువ వడ్డీకి పర్సనల్ లోన్ తీసుకున్నవాళ్ల టెన్షన్ దగ్గర్నుంచి చూశాను, ఇల్లు వచ్చిన సంతోషం రెండేళ్ల దాకా వాళ్ల మొహంలో కనపడలేదు.

కాగితాల్లో లింక్ డాక్యుమెంట్లు (ఆ ఆస్తి ఇంతకుముందు చేతులు మారిన దస్తావేజులు), కనీసం 13 ఏళ్ల ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే సర్టిఫికెట్ (30 ఏళ్లది తీస్తే ఇంకా మంచిది), ప్లాన్ అప్రూవల్, ఇంటి పన్ను రసీదు చూడండి. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది కంటే ఎక్కువ ఫ్లాట్లున్నా ఆ ప్రాజెక్టు రెరాలో (బిల్డర్ల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ) నమోదై ఉండాలి, ఆ నంబరు అడిగి వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి. నోటరీ కాగితం మీద అమ్మేవి, తెల్ల కాగితం మీద రాసుకున్నవి చవగ్గా వస్తాయి. వాటి మీద లోన్ రాదు, లోన్ లేకపోతే ఈ సబ్సిడీ లేదు, పైగా రేపు మీరు అమ్మాలన్నా కష్టమే.

సబ్సిడీ గురించి బ్యాంకులో లోన్ ఫారం నింపే రోజే చెప్పండి. పీఎం ఆవాస్ అర్బన్ 2.0 పోర్టల్‌లో ఆధార్, ఆదాయం వివరాలతో దరఖాస్తు పెట్టి, వచ్చిన నంబరు లోన్ ఫైల్‌లో రాయించండి. కుటుంబంలో అందరి ఆధార్ నంబర్లు, ఆదాయం రుజువు, పక్కా ఇల్లు లేదని హామీపత్రం సిద్ధంగా ఉంచుకోండి. ఆ బ్యాంకు బ్రాంచిలో 'మాకు తెలియదు' అంటే గొడవపడకండి, ఈ స్కీమ్‌కి నోడల్ ఏజెన్సీలు, అంటే సబ్సిడీని బ్యాంకులకి చేర్చే సంస్థలు, నేషనల్ హౌసింగ్ బ్యాంక్, హడ్కో, స్టేట్ బ్యాంక్, వీటిలో ఏదో ఒకదానితో మీ బ్యాంకు ఒప్పందం చేసుకుని ఉండాలి. చేసుకుందో లేదో రాతపూర్వకంగా అడగండి, లేకపోతే ఇంకో బ్యాంకు చూసుకోండి. రిజిస్ట్రేషన్‌లో ఇంటావిడ పేరు ఉండేలా చూసుకోవడం మర్చిపోవద్దు, తర్వాత చేర్చాలంటే మళ్లీ స్టాంప్ డ్యూటీ.

ఎవరైనా డబ్బడిగితే, ఫైలు కదలకపోతే

ఈ స్కీముల్లో ఎక్కడా లబ్ధిదారు ఎవరికీ లంచం గానీ 'ఫైల్ ఖర్చు' గానీ ఇవ్వాల్సిన పని లేదు. ఎవరైనా అడిగితే తెలంగాణలో ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) టోల్ ఫ్రీ 1064. ఫైల్ ఎక్కడుందో తెలియకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లండి, ఆంధ్రలో కూడా సోమవారమే అర్జీలు తీసుకుంటారు. అర్జీలో కష్టాల కథ పొడుగ్గా రాయకుండా దరఖాస్తు నంబరు, మంజూరు తేదీ, ఏ దశలో ఫొటో ఎప్పుడు ఎక్కింది, ఏ విడత రాలేదు, ఈ నాలుగూ రాస్తే చాలు, చదివేవాళ్లకి ఎవర్ని అడగాలో వెంటనే తెలుస్తుంది. అప్పటికీ జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగండి, ఫీజు పది రూపాయలకి మించదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. పిన్ని ఖాతా సంగతి మాకు అలా అడిగినప్పుడే తెలిసింది.

చివరి విడత పడ్డాక కూడా రెండు పనులుంటాయి. ఇంటి పన్ను రికార్డులో ఇల్లు మీ పేరు మీద ఎక్కించుకోండి, కరెంట్ మీటర్ కట్టుబడి కనెక్షన్ నుంచి ఇంటి కనెక్షన్‌కి మార్పించుకోండి, లేకపోతే నెల నెలా ఎక్కువ బిల్లు కడుతూనే ఉంటారు. మంజూరు పత్రం, ప్రతి విడత మెసేజ్, ఫొటోలు, బిల్లులు ఒక కవర్లో పెట్టి జాగా కాగితాలతో పాటే దాచండి.